బడికి మెమో ఇచ్చే ముందు

చెన్నై మహానగర పాలక సంస్థ మేయర్ గారికి, మండలి విద్యా స్థాయీ సంఘం సభ్యులకు,



మీరు రిప్పన్ భవనం నుంచి నడుపుతున్న నాలుగు వందల పైచిలుకు బడుల గురించి ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను. నేను ఉత్తర చెన్నై తెలుగువాణ్ణి. మా చాకలిపేట, కొరుక్కుపేట, పులియంతోపు, పెరంబూరు వీధుల్లో కార్పొరేషన్ స్కూలు తప్ప మరో దారి లేని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళ తరఫున ఒక్కటే అడుగుతున్నాను. బడి వెనకబడితే ఎవరు జవాబు చెప్పాలి, ఏ వరసలో చెప్పాలి అన్నదాన్ని మండలిలో తీర్మానం చేసి లిఖిత నియమంగా పెట్టండి. ఆ నియమం ప్రకారం మొదటి జవాబు బడికి కావలసినవి సమకూర్చాల్సిన వాళ్ళు చెప్పాలి. బడి వంతు ఆ తర్వాతే రావాలి.

ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. ఏటా మే నెలలో ప్లస్ టూ ఫలితాలు, వాటి వెనకే టెన్త్ ఫలితాలు వస్తాయి. స్కూలు పేరు, పక్కన పాసు శాతం. నూటికి నూరు తెచ్చిన బడికి సన్మానం. జాబితా అడుగున ఉన్న బడి హెచ్చెంకు పిలుపు, సంజాయిషీ, మెమో. తమిళనాడు ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ నియమాల్లో 17(ఎ), 17(బి) అని రెండున్నాయి. మొదటిది మందలింపు, ఇంక్రిమెంటు నిలుపుదల లాంటి చిన్న శిక్షలకు. రెండోది ఉద్యోగం ఊడేదాకా వెళ్ళగల పెద్ద శిక్షలకు. ఈ నంబర్ల అర్థం తెలియని టీచరు ఈ రాష్ట్రంలో ఉండరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఇంతే. టెన్త్ ఫలితాలు తగ్గిన చోట హెచ్చెంకు షోకాజ్ నోటీసు వెళ్తుంది. ఆ బడిలో లెక్కల టీచరు పోస్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉందో ఆ నోటీసులో రాయరు.

జవాబుదారీ వద్దని నేను అనడం లేదు. 2024లో ప్లస్ టూలో రాష్ట్రమంతటా 94.56 శాతం మంది పాసైతే, కార్పొరేషన్ స్కూళ్ళలో అది 87 శాతం దగ్గర ఆగింది. ఈ తేడా ఎందుకని అడిగే హక్కు ప్రతి తల్లికీ ఉంది. 2003లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు దేశమంతటా ప్రభుత్వ ప్రాథమిక బడులకు ముందుగా చెప్పకుండా వెళ్ళి చూశారు. ప్రతి నలుగురు టీచర్లలో ఒకరు బళ్ళో లేరు. అది చిన్న విషయం కాదు. బడికి రాని టీచరు మీద, పిల్లల్ని కొట్టే టీచరు మీద, కులం చూసి పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టే టీచరు మీద చర్య తీసుకోవాల్సిందే, అదీ ఆలస్యం లేకుండా. అవి ఒక మనిషి చేసిన తప్పులు. వాటికి సాక్ష్యం ఉంటుంది, విచారణ ఉంటుంది. కానీ పాసు శాతం ఒక మనిషి చేసిన పని కాదు. పదేళ్ళలో ఒక పిల్లవాడికి అందినవీ అందనివీ అన్నీ కలిసి ఆ అంకెగా బయటపడతాయి. దాన్ని తీసుకెళ్ళి చివరి ఏడాది చేతికందిన టీచరు ఒళ్ళో పెట్టి శిక్ష వేస్తే న్యాయం జరగదు, చదువూ రాదు.

2009 విద్యాహక్కు చట్టాన్ని ముందు పెట్టుకుని చదివితే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. 24వ సెక్షన్ టీచరు విధులు చెబుతుంది. వేళకు రావాలి, పాఠ్యప్రణాళిక పూర్తి చేయాలి, ప్రతి పిల్లవాడి స్థాయిని గమనించి అవసరమైతే అదనంగా నేర్పాలి. తప్పితే క్రమశిక్షణ చర్య ఉంటుందని అదే సెక్షన్ స్పష్టంగా రాసింది. కాస్త తర్వాత 26వ సెక్షన్ ఉంది. మంజూరైన టీచరు పోస్టుల్లో పది శాతానికి మించి ఖాళీలు ఉండకుండా నియామకాధికారి చూడాలి. తప్పితే? ఆ సెక్షన్‌లో ఆ మాటే లేదు.

9వ సెక్షన్ స్థానిక సంస్థ మీద, అంటే మీ మీద, పెట్టిన బాధ్యతల జాబితా చాలా పొడుగైనది. నడిచి వెళ్ళేంత దూరంలో బడి, భవనం, టీచర్లు, పాఠ్య సామగ్రి, వలస కుటుంబాల పిల్లలకు ప్రవేశం, నాణ్యమైన చదువు. వీటిలో ఏది తప్పినా ఎవరికీ మెమో రాదు. 18, 19 సెక్షన్ల ప్రకారం ఒక ప్రైవేటు బడి చట్టంలోని ప్రమాణాలు అందుకోకపోతే గుర్తింపు రద్దవుతుంది. రద్దయ్యాక కూడా నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపైన రోజుకు పదివేలు. ప్రభుత్వ బడికి గుర్తింపు పత్రమే అక్కర్లేదు కనుక ఆ శిక్షకు అక్కడ తావే లేదు. బడి పెట్టినవాడు ప్రైవేటువాడైతే చట్టం అతణ్ణి పట్టుకుంటుంది. బడి పెట్టింది ప్రభుత్వమైతే, పట్టుబడేది అందులో పనిచేసే టీచరు.

ఈ చట్టం ఎనిమిదో తరగతి దాకే కదా, టెన్త్ ఫలితాలతో దానికి సంబంధం ఏమిటని మీ అధికారులు అనవచ్చు. టెన్త్‌లో తప్పిన పిల్లవాడు ఆ ఏడాది కొత్తగా వెనకబడినవాడు కాదు. మూడో తరగతిలో తీసివేత రానివాడు, ఐదో తరగతిలో పేరా చదవలేనివాడు, ఎవరూ ఆగి చూడకపోవడం వల్ల అలాగే పదికి వచ్చాడు. ఆ ఏళ్ళన్నీ చట్టం పరిధిలోనివే, మీ బాధ్యతలోనివే.

ఇక పాసు శాతం అనే ఆ అంకె వెనక మన ఊళ్ళో ఏముందో చూడండి.

మొదటిది ఖాళీలు. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో 13,331 ఖాళీలను తాత్కాలిక టీచర్లతో నింపమని ఉత్తర్వు వచ్చింది. జీతాలు హోదాను బట్టి నెలకు 7,500, 10,000, 12,000 రూపాయలు. డిగ్రీ, బి.ఎడ్. చేసి, టెట్ రాసి, చెన్నైలో ఇంటి అద్దె కట్టుకునే మనిషి ఆ డబ్బుతో ఎన్నాళ్ళు ఆ బడిలో నిలబడగలరు? మధ్యలో మరో ఉద్యోగం దొరికితే వెళ్ళిపోతారు, ఆ క్లాసు మళ్ళీ మొదటికి వస్తుంది. మే నెలలో ఆ క్లాసు ఫలితం వచ్చేనాటికి ఆ తాత్కాలిక టీచరు ఉండరు. మెమో అందుకోవడానికి హెచ్చెం మాత్రం ఉంటారు. చెరువుకు నీళ్ళు వదలకుండా ఆయకట్టు రైతును దిగుబడి ఎంతని నిలదీయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

రెండోది ఇతర పనులు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను వాడకూడదంది. మినహాయించిన ఆ పనులే ఎంత సమయం తింటాయో 2025 నవంబరులో చూశాం. ఆ నెల 4న ఓటర్ల జాబితాల ప్రత్యేక సవరణ మొదలైంది. బూత్ స్థాయి అధికారులుగా టీచర్లు ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఇది కాక విద్యాశాఖ ఆన్‌లైన్ వ్యవస్థ ఎమిస్‌లో రోజూ వివరాలు ఎక్కించే పని ఉండనే ఉంది. ప్రజాస్వామ్యానికి ఓటర్ల జాబితా అవసరమే. ఆ పనికి పోయిన గంటలు ఎవరి లెక్కలోకి వస్తాయి? పరీక్ష తేదీ మాత్రం ఒక్క రోజు కూడా వెనక్కి జరగదు.

మూడోది ఇళ్ళు. కూవం, అడయారు నదుల ఒడ్డుల నుంచి, ఊరి నడిబొడ్డు నుంచి పేదల గుడిసెలు తీసేసి కణ్ణగి నగర్‌కు, సెమ్మంచేరికి, పెరుంబాక్కానికి తరలించడం పాతికేళ్ళుగా సాగుతోంది. 2015 డిసెంబరు వరదల తర్వాత అది మరింత వేగం అందుకుంది. విద్యా సంవత్సరం మధ్యలో లారీ ఎక్కిన కుటుంబాలున్నాయి. ఆ పిల్లలు కొందరు పాత బడికే రెండు బస్సులు మారి వచ్చారు, కొందరు కొత్త బడిలో చేరారు, కొందరు ఎక్కడా చేరలేదు. పాత బడికి హాజరు పడిపోయింది, కొత్త బడి క్లాసులు కిక్కిరిశాయి. రెండు బడుల ఫలితాలూ దెబ్బతిన్నాయి. తరలింపు నిర్ణయం ఏ హెచ్చెమూ తీసుకోలేదు.

నాలుగోది మా వాళ్ళ సంగతి. ఈ నగరాన్ని తెల్లవారుజామున ఊడ్చి శుభ్రం చేసే పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తరాల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడ్డ వాళ్ళు. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల పారిశుద్ధ్యాన్ని ప్రైవేటుకు అప్పగించవద్దని మీ రిప్పన్ భవనం ముందే రోజుల తరబడి బైఠాయించినవాళ్ళు ఆ మండలాల కార్మికులే. వాళ్ళ పిల్లలు చదివేది మీ బడుల్లోనే. తల్లి తెల్లవారక ముందే పనికి వెళ్ళే ఇంట్లో పిల్లను లేపి, తలదువ్వి, బడికి పంపే మనిషి ఉండరు. కూలి తగ్గితే పెద్దపిల్ల చదువు ఆగుతుంది. ఆ కార్మికుల చేత నగరాన్ని శుభ్రం చేయించేదీ మీరే, ఆ పిల్లలకు బడి నడిపేదీ మీరే. ఈ రెండు బాధ్యతలనూ వేర్వేరు ఫైళ్ళలో పెడితే, ఆ పిల్ల బడి ఎందుకు మానేసిందో ఏ ఫైలులోనూ కనిపించదు.

తెలుగు మీడియం బడులకు ఇంకో దెబ్బ తగిలింది. 2006 తమిళ అభ్యసన చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ 2015-16 నాటికి టెన్త్ చేరింది. ఈ గడ్డ మీద బతుకుతూ తమిళం నేర్చుకోం అనే తెలుగువాడు నాకు తెలిసి లేడు. నేర్పే టీచర్లను ముందు ఇచ్చి పరీక్ష తర్వాత పెట్టమన్నదే భాషా మైనారిటీల మొర. కోర్టుల చుట్టూ తిరిగి ఏళ్ళ తరబడి మినహాయింపులు తెచ్చుకున్నారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక ఏడాది మినహాయింపు ఇచ్చింది. ఈలోగా రిటైరైన తెలుగు టీచరు స్థానంలో మరొకరు రాకపోతే తల్లిదండ్రులు పిల్లల్ని వేరే మీడియంలో వేస్తారు. పిల్లలు తగ్గారు కాబట్టి పోస్టు అక్కర్లేదంటారు. పోస్టు లేదు కాబట్టి సెక్షను మూసేస్తారు. చివరికి రికార్డులో మిగిలేది 'ప్రవేశాలు లేని బడి' అన్న మాట. ఈ వరసలో ఎక్కడ తప్పింది, ఎవరు తప్పారు అన్నది ఆ రికార్డులో ఉండదు.

శిక్షతో బడి బాగుపడుతుందన్న నమ్మకం కొత్తది కాదు. మన మద్రాసే దాన్ని ఒకసారి రుచి చూసింది. ఇంగ్లండ్‌లో 1862లో 'ఫలితాన్ని బట్టి చెల్లింపు' పద్ధతి వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కో పిల్లవాణ్ణీ చదువు, రాత, లెక్కల్లో పరీక్షిస్తాడు. ఎంతమంది పాసైతే బడికి అంత గ్రాంటు. ఆ దశకంలోనే మద్రాసు ప్రెసిడెన్సీ ఆ పద్ధతిని ఇక్కడికి తెచ్చింది. 1882 హంటర్ కమిషన్ ప్రాథమిక బడులకు దాన్నే సిఫార్సు చేసింది. ఫలితం ఏమైంది? బడి మొత్తం ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు కోసమే నడిచింది. అర్థంతో పనిలేని బట్టీ పెరిగింది. పరీక్షకు రాని విషయాలు బడి నుంచే మాయమయ్యాయి. ఇంగ్లండ్‌లో స్వయంగా బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతిని మొదటినుంచీ గట్టిగా వ్యతిరేకించాడు. చివరికి 1904లో కర్జన్ ప్రభుత్వ విద్యా తీర్మానమే దాన్ని వదిలేయమంది. ప్రజల మీద ప్రేమ లేని వలస ప్రభుత్వానికే ఆ పద్ధతి పనికిరాదని అర్థమైంది.

మన కాలంలోనూ ఒక ఉదాహరణ కళ్ళముందే ఉంది. తమిళనాడులో ప్లస్ టూ మార్కులకే విలువ ఉన్నంత కాలం ఎన్నో ప్రైవేటు బడులు ప్లస్ వన్ పాఠాలు ఎగ్గొట్టి రెండేళ్ళూ ప్లస్ టూ పాఠాలే రుద్దాయి. దాన్ని ఆపడానికి 2017-18 నుంచి ప్లస్ వన్‌కూ పబ్లిక్ పరీక్ష పెట్టారు. పిల్లల మీద ఒత్తిడి పెరిగిందని 2025 ఆగస్టులో వచ్చిన రాష్ట్ర విద్యా విధానంతో దాన్ని తీసేశారు. దేన్ని కొలుస్తామో అదే నేర్పుతారు, కొలవనిదాన్ని వదిలేస్తారు. కార్పొరేషన్ స్కూళ్ళలో ఇదే ఒత్తిడి మరో రూపంలో వస్తుంది. ముప్పై ఐదు మార్కులు గట్టెక్కించే 'మినిమం మెటీరియల్' ఒక్కటే కొందరు పిల్లలకు పాఠ్యపుస్తకం అవుతుంది. బడి సగటు కాపాడుకోవాలంటే వెనకబడ్డ పిల్లవాణ్ణి తొమ్మిదిలోనే టీసీ ఇచ్చి పంపడం, లేదా ప్రైవేటుగా రాసుకొమ్మనడం తేలిక. పరీక్ష రాసినవాళ్ళనే లెక్కించే నియమం ఉన్నంతకాలం ఆ ప్రలోభం ఉంటుంది. పిల్లవాడు బడి నుంచి పోతే శాతం పెరగడం కన్నా ఘోరమైన లెక్క ఉంటుందా?

అమెరికా ఈ దారిలో చాలా దూరం వెళ్ళి వెనక్కి వచ్చింది. 2002 జనవరిలో వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం ఏటా పరీక్షలు పెట్టి, లక్ష్యం అందుకోని బడికి ఏడాదికో మెట్టు చొప్పున శిక్షలు పెంచుతూ పోయింది. మొదట పిల్లలు వేరే బడికి మారే వీలు, తర్వాత అదనపు ట్యూషన్లు, ఆపైన సిబ్బంది మార్పు, చివరికి బడి పునర్నిర్మాణం. 2014 నాటికి నూటికి నూరు మంది పిల్లలూ ప్రమాణం అందుకోవాలన్నది లక్ష్యం. 2011 నాటికి దేశంలో దాదాపు సగం బడులు 'విఫలమైనవి' అయ్యాయి. అట్లాంటాలో పరీక్ష కాగితాల్లో జవాబులు దిద్దారని 2011 దర్యాప్తు 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ళను తప్పుపట్టింది. 2015లో పదకొండు మంది దోషులుగా తేలారు. షికాగో 2013లో యాభై దాకా బడులు మూసింది. మూత ప్రకటన వచ్చిన ఏడాదే ఆ పిల్లల చదువు దెబ్బతిందని అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. 2015 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో మరో చట్టం వచ్చింది. అక్కడి పేద పిల్లల మీద జరిగిపోయిన ప్రయోగాన్ని మన పేద పిల్లల మీద మళ్ళీ చేయాల్సిన పనిలేదు.

మరి ఏది పనిచేస్తుంది? దానికీ మన దగ్గరే ఆధారాలున్నాయి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఐదు జిల్లాల్లోని 500 పల్లె బడుల్లో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టాయి. అందులో కొన్ని బడుల టీచర్లకు పిల్లల ప్రగతిని బట్టి బోనస్ ఇచ్చారు. రెండేళ్ళకు ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ మిగతావాళ్ళ కన్నా ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా ముందున్నారు. ఇది నా వాదానికి ఎదురు సాక్ష్యంలా కనిపించవచ్చు, అందుకే దాచకుండా చెబుతున్నాను. ఆ పథకంలో చూడాల్సినవి మూడున్నాయి. పిల్లలు ఎక్కడ మొదలై ఎంత ముందుకు వచ్చారో కొలిచారు, చివరి మార్కు కాదు. పరీక్ష పెట్టింది బడి కాదు, బయటివాళ్ళు. ఎవరికీ శిక్ష లేదు. ఇంకోవైపు మధ్యప్రదేశ్‌లో బడులకు గ్రేడింగులు, తనిఖీలు, మెరుగుదల ప్రణాళికలతో నడిపిన కార్యక్రమాన్ని పరిశీలిస్తే కాగితాలు పేరుకున్నాయి గాని పిల్లల చదువులో మార్పు లేదు.

తమిళనాడు మరో దారి చూపింది. కోవిడ్ తర్వాత 2021 అక్టోబరులో మొదలైన 'ఇల్లం తేడి కల్వి' వాలంటీర్లను వీధుల్లోకే పంపి చదువు చెప్పించింది. గ్రామీణ తమిళనాడు పిల్లల మీద జరిగిన అధ్యయనం ప్రకారం, పోయిన చదువులో మూడింట రెండొంతులు బడులు తెరిచిన ఆరు నెలల్లో తిరిగొచ్చింది. ఆ తిరిగి వచ్చినదానిలో దాదాపు నాలుగో వంతు ఈ పథకం వల్ల వచ్చింది. అక్కడ ఎవరికీ మెమో ఇవ్వలేదు. వెనకబడ్డ పిల్లవాడి పక్కన అదనంగా ఒక మనిషిని కూర్చోబెట్టారు.

మీ సంస్థకే ఉన్న గొప్ప చరిత్రను గుర్తుచేస్తాను. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. మా తెలుగువాడు, ఈ నగరంలోని త్యాగరాయ నగర్ ఎవరి పేరు పెట్టుకుందో ఆ మనిషి. థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ స్కూలుకు పేద పిల్లలు సరిగా రావడం లేదని తెలిసింది. ఆ ఏడాది సెప్టెంబరు 16న మండలి తీర్మానం చేసి పిల్లవాడికి రోజుకు అణా మించకుండా ఖర్చుపెట్టి పలహారం పెట్టింది. తర్వాత మరో నాలుగు బడులకు విస్తరించింది. 1922-23లో 811గా ఉన్న పిల్లల సంఖ్య 1924-25కి 1,671 అయింది. పిల్లలు రావడం లేదని వందేళ్ళ కిందటి ఆ మండలి టీచరును శిక్షించలేదు. పిల్లవాడు ఎందుకు రావడం లేదో తెలుసుకుని ఆ కారణాన్ని తీర్చింది. 1925లో అది ఆగిపోయింది కూడా బడి తప్పుతో కాదు. ప్రాథమిక విద్యా నిధి నుంచి ఆ ఖర్చుకు పైప్రభుత్వం ఒప్పుకోలేదు. ఈ రోజు రాష్ట్రం గర్వంగా చెప్పుకునే మధ్యాహ్న భోజనానికీ, 2022 సెప్టెంబరులో మొదలైన ఉదయపు అల్పాహారానికీ మూలం మీ మండలి తీర్మానమే.

పైవాళ్ళ గొడవకు కిందివాళ్ళు శిక్ష అనుభవించడం ఎలా ఉంటుందో ఇప్పుడు తమిళనాడుకు స్వయంగా తెలుసు. కేంద్రం బడుల పథకమైన పీఎం శ్రీ ఒప్పందం మీద సంతకం చేయలేదని, మరో విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద 2024-25కి రావాల్సిన 2,152 కోట్ల రూపాయలు కేంద్రం ఆపిందని రాష్ట్రం 2025 మేలో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. విధానం మీద విభేదముంటే పిల్లల డబ్బు ఎందుకు ఆపుతారని రాష్ట్రం అడిగిన ప్రశ్న న్యాయమైనది. ఆ న్యాయమే చెన్నైలోని ఒక వార్డు బడికీ వర్తించాలి. ఢిల్లీని అడిగిన ప్రశ్న రిప్పన్ భవనానికీ వర్తిస్తుంది.

కాబట్టి మండలి ముందు ఈ ఐదు నియమాలు పెట్టమని కోరుతున్నాను.

మొదటిది: ప్రతి బడి ఫలితం పక్కనే ఆ బడికి ఏడాదిలో ఏమిచ్చారో ప్రకటించండి. మంజూరైన పోస్టులు, ఖాళీగా ఉన్న రోజులు, తాత్కాలిక టీచర్లు, ఇతర పనులకు పోయిన పనిదినాలు, మరుగుదొడ్లు, ల్యాబు, మధ్యలో వచ్చిన, వెళ్ళిన పిల్లల సంఖ్య. బడి గోడ మీద తమిళంలో, ఆ బడి పిల్లల ఇంటి భాషలో రాయించండి.

రెండోది: 26వ సెక్షన్ పెట్టిన పది శాతం హద్దు ఆ బడిలో ఏడాది పొడుగునా పాటించామని నియామకాధికారి సంతకం చేయకుండా ఫలితాల పేరుతో ఏ హెచ్చెంకూ, ఏ టీచరుకూ మెమో ఇవ్వకూడదు. సంతకం చేయలేకపోతే సంజాయిషీ ఆ అధికారి నుంచే తీసుకోండి. నియామకం రాష్ట్రం చేతిలో ఉన్నచోట మీరు రాష్ట్రాన్ని రాతపూర్వకంగా అడగండి, ఆ ఉత్తరం బయటపెట్టండి.

మూడోది: పరీక్ష రాసినవాళ్ళ శాతం కాదు, ఆరో తరగతిలో చేరిన ప్రతి పిల్లవాడూ పదికి ఏమయ్యాడో లెక్కించండి. చేరినప్పుడు ఎక్కడున్నాడు, ఇప్పుడెక్కడున్నాడు అన్నదే బడి పని. తరలింపులో వేరే బడికి వెళ్ళిన పిల్లవాణ్ణి ఆ కొత్త బడిలోనూ వెతికి చూడండి.

నాలుగోది: వరసగా వెనకబడ్డ బడికి ముందు సాయం ఇవ్వండి. అదనపు టీచరు, కింది తరగతుల్లో చదవడం రాని పిల్లలకు విడిగా సమయం, హాజరు తగ్గిన ఇళ్ళకు వెళ్ళే మనిషి, అనుభవమున్న మరో హెచ్చెం సలహా. మూడేళ్ళు ఇవి నిజంగా అందాక కూడా మార్పు లేకపోతే అప్పుడు విచారణ జరపండి. వ్యక్తి చేసిన తప్పు మీద చర్యకు ఈ గడువుతో సంబంధం లేదు, అది వెంటనే జరగాలి.

ఐదోది: పాఠశాల నిర్వహణ కమిటీ ఒప్పుకోకుండా ఏ బడినీ, ఏ మీడియం సెక్షన్‌నూ మూయకూడదు, కలపకూడదు. చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు. ఆ తల్లులకు అర్థమయ్యే భాషలో సమావేశం జరగాలి, మినిట్స్ చదివి వినిపించాలి. వాళ్ళు అడిగిన టీచరు రాకపోతే ఎందుకు రాలేదో మీ విద్యాధికారి వాళ్ళ ముందుకొచ్చి చెప్పాలి.

ఇందులో ఏదీ టీచర్లను తప్పించడానికి కాదు. అన్నీ అందిన బడిలో పిల్లలు నేర్చుకోకపోతే, ఆ బడి టీచర్లు తప్పించుకోవడానికి ఈ నియమాల కింద దారే ఉండదు. ఇప్పుడు వాళ్ళ దగ్గర 'పోస్టు ఖాళీ' అన్న జవాబు ఉంది, అది చాలాసార్లు నిజం కూడా. ఆ జవాబును వాళ్ళ నోటి నుంచి తీసేయగలిగింది మీరు మాత్రమే, పోస్టు నింపడం ద్వారా మాత్రమే. పైనున్నవాళ్ళు తమ లెక్క ఒప్పజెప్పినప్పుడే కిందివాళ్ళను లెక్క అడిగే నైతిక బలం వస్తుంది.

విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ప్రకారం పిల్లల హక్కుకు సంబంధించిన ఫిర్యాదును ఎవరైనా స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. స్థానిక సంస్థ దాని మీద మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలి. ఈ లేఖను ఆ ఫిర్యాదుగానే స్వీకరించండి. నా ఫిర్యాదు ఏ బడి మీదా కాదు, ఏ టీచరు మీదా కాదు. బడి తప్పితే శిక్ష ఉండి, బడికి ఇవ్వాల్సినది ఇవ్వకపోతే శిక్ష లేని ఈ పద్ధతి మీద నా ఫిర్యాదు. మూడు నెలల్లోగా మండలి నిర్ణయం ఏమిటో ఈ ఊరి తల్లిదండ్రులందరికీ తెలిసేలా ప్రకటించండి.

భవదీయుడు,
ఉత్తర చెన్నై తెలుగు పౌరుడు